మూడో చారలరాయుడి ఏకభాషా చట్టం

ఒక పెద్ద అడవిలో మూడు తరాలుగా పులులదే రాజ్యం. భాషల గొడవ కూడా మూడు తరాలదే.

మొదటి చారలరాయుడికి అడవి గెలవడానికి అందరి సాయమూ కావాల్సివచ్చింది. అందుకని "ఎవరి కూత వారిదే" అని పెద్ద బండమీద చెక్కించాడు. రెండో చారలరాయుడు ఎండ కాగడానికి ఆ బండమీదే దొర్లేవాడు, అక్షరాలు కొంచెం అరిగాయి. మూడోవాడి కాలానికి వేట దొరకడం కష్టమైంది.

కారణం కొమ్మలవ్వ అనే ముసలి కొండముచ్చు. చిటారు కొమ్మన కూర్చుని, ముప్పు కనబడగానే "ఖక్ ఖక్" అనేది. అంతే, కింద మేసే జింకలు మాయం.

"దీని నోరు మూయించాలి," అన్నాడు రాజు.

"అలా అంటే బావుండదు ప్రభూ," అంది భాషామంత్రి నక్క. "అడవంతా ఒక్కటి కావాలంటే గాండ్రింపు ఒక్కటే భాష కావాలి, అందాం. వినడానికి ఎంత మర్యాదగా ఉందో చూడండి!"

అడవంతా బళ్ళు వెలిశాయి. గాండ్రించలేక లేళ్ళు గొంతులు పోగొట్టుకున్నాయి. ఎవరైనా పాత కూత కూస్తే ముందుకాళ్ళతో చెవులు మూసుకోవాలన్నది మొదటి పాఠం. ఏటా వనోత్సవంలో మాత్రం కొమ్మలవ్వకి ఈకల టోపీ పెట్టి, వేదిక ఎక్కించి, ఒక్కసారి "ఖక్" అనిపించి చప్పట్లు కొట్టేవారు. ముసల్ది ఇంటికొచ్చి సిగ్గుతో ఏడ్చేది.

రాజుగారి వేట మూడు పువ్వులు ఆరు కాయలుగా సాగింది. పొట్ట కూడా వచ్చింది.

ఒకనాడు పొరుగు అడవి రేచుకుక్కల మంద వాగు దాటింది. ఒడ్డున రాజుగారి ఒక్కగానొక్క కూన, యువరాజు, ఒంటరిగా ఆడుకుంటున్నాడు. చెట్టుమీంచి కొమ్మలవ్వ చూసింది. పాత కూత కూస్తే చట్టప్రకారం చెట్టు జప్తు చేస్తారు.

"పులిపిల్లయినా పిల్లే కదరా దేవుడా!" అనుకుని, కొమ్మలదిరేలా "ఖక్ ఖక్ ఖక్" అని అరిచింది.

యువరాజు విన్నాడు. బుద్ధిగా చెవులు మూసుకుని కూర్చున్నాడు.

రాజు పరుగెత్తుకొచ్చి మందని వాగవతలికి తరిమేసరికి బిడ్డ ప్రాణం దక్కింది గానీ తోక మొదలంటా పోయింది.

"అవ్వ అంత అరుస్తుంటే పారిపోవేంరా?" అని బావురుమన్నాడు రాజు. ఆయన చిన్నప్పుడు బళ్ళు లేవు మరి, ఆ కూత ఆయనకు బాగానే తెలుసు.

"అది వినకూడదట నాన్నా, బళ్ళో చెప్పారు," అన్నాడు యువరాజు వెక్కుతూ.

రాజు నక్కవంక చూశాడు. నక్క తొణకలేదు.

"చూశారా ప్రభూ, ప్రాణంమీదికొచ్చినా పాఠం మరవలేదు! యువరాజావారికి మొదటి బహుమతి ఇవ్వాలి." తర్వాత చెట్టుమీదికి చూసి, "ముసల్దాని చెట్టు మాత్రం జప్తు చేయక తప్పదు. అడవి నడవాలి కదా!" అంది.

రాజు కళ్ళు తుడుచుకుని, తోకలేని కొడుకు మెడలో పతకం వేశాడు. కొమ్మలవ్వ చెట్టు దిగి వెళ్ళిపోయింది. వాగవతలినుంచి రేచుకుక్కలు అంతా ఓపిగ్గా చూశాయి.

నీతి: ప్రాణం కాపాడే మాటయినా సరే, సర్కారు భాషలో లేకపోతే వినకూడదు.