బదులు వెళ్ళిన చెట్టు

తుమరేనా దేశంలోకి ఒక మనిషి అడుగుపెడితే, అక్కడి అడవిలోంచి ఒక చెట్టు బయల్దేరి ఆ మనిషి ఇంటికి చుట్టపుచూపుగా వెళుతుంది. దేశం చాలా చిన్నది. జనం అంతా కలిపి మన కాకినాడ పాటి కూడా ఉండరు, మిగతాదంతా అడవే. మెజారిటీ చెట్లది కాబట్టి వీసా నిబంధనలు కూడా వాటికి అనుకూలంగానే రాసుకున్నారు. మనిషి రెండు వారాలుంటే చెట్టూ రెండు వారాలుంటుంది. చెట్టు తిరిగొచ్చాకే మనిషి విమానమెక్కాలి. రాకపోతే దాని చోట అతను నిలబడాలి.

కాకినాడ నుంచి వెళ్ళిన అడబాల విశ్వేశ్వరం ఈ షరతు చదవకుండానే సంతకం పెట్టాడు. సంతకాలు ఆయనకు కొత్తా ఏమన్నా! కల్పవృక్ష రెసిడెన్సీ సంఘానికి ఆయనే అధ్యక్షుడు. అక్కడ చెట్టనేది పేరులో తప్ప ఆవరణలో లేదు. వేర్లు నీళ్ళ సంపును పగలగొడతాయనీ, ఆకులు కార్ల మీద రాలతాయనీ చెప్పి, చెట్లు కూడదని తీర్మానం చేయించిన ఘనత ఆయనదే.

"మా చెట్టుని చూసుకోవడానికి మీ ఇంట్లో ఎవరైనా ఉన్నారా?" అని విమానాశ్రయంలో అధికారిణి అడిగింది.

"మా ఆవిడుందండి. మర్యాదలకి మా వైపు పెట్టింది పేరు," అన్నాడు విశ్వేశ్వరం.

అది అబద్ధం కాదు. కాకినాడలో చెట్టు తల వంచుకుని గేటులోంచి లోపలికి రాగానే ఆయన భార్య రత్నమాణిక్యం మొదలుకు శాలువా కప్పింది, వేర్ల దగ్గర కాజాలు పెట్టింది. ఆవరణలో అందరూ ఫోటోలు దిగారు. కాజాలకు చీమలు పట్టేదాకా అంతా బాగానే ఉంది.

అక్కడ తుమరేనాలో విశ్వేశ్వరం ఊరంతా తిరిగాడు. మసీదూ చర్చీ ఒకే ప్రహరీలో ఉన్నాయి. హోటల్లో ఒకే పళ్ళెంలో జావా నూడుల్సు, ఆఫ్రికా వేరుశెనగ పులుసు, బీహారు పప్పురొట్టె వడ్డించారు. వడ్డించినావిడని అలవాటు కొద్దీ కులం ఆరా తీస్తూ "తమరేమిటోళ్ళమ్మా?" అని అడిగితే ఆమె తన నలుగురు ముత్తవ్వల సంగతీ చెప్పింది. నలుగురివీ నాలుగు జాతులు. ఇలాంటి దేశం ఎలా నడుస్తోందోనని ఆయన తెగ జాలిపడ్డాడు.

అప్పుడే సంఘం కార్యదర్శి కర్రి భీమశంకరం ఫోను చేశాడు.

"ప్రెసిడెంటుగారూ, మీ చుట్టం వెజ్జాండి, నాన్‌వెజ్జాండి? పై ఫ్లోరోళ్ళు అడుగుతున్నారు."

"చెట్టయ్యా బాబూ! నీళ్ళు తాగుద్ది, అంతే."

"అలాగని చెప్తానండి. ఆకులు మటుకు కార్ల మీద పడిపోతున్నాయండి. రేపు మీటింగు పెట్టాం."

విశ్వేశ్వరం గబగబా పెట్టె తెరిచాడు. షరతు కాగితం తీసి మొదటిసారి చదివాడు. వెంటనే తిరిగి ఫోను చేశాడు.

"దాన్ని కొట్టించారంటే నేనింక రాలేనయ్యా!"

"అయ్యో, మీరు రాపోతే మాకు మటుకు సరదానా అండి? కానీ ప్రెసిడెంటుగారి చెట్టని వదిలేస్తే రేపు అందరూ పెంచుతామంటారండి. తీర్మానం తీర్మానమేనని తమరే కదండీ అనేవారు?"

ఆ మాట నిజంగా ఆయనదే. మర్నాడు మీటింగయ్యాక మళ్ళీ ఆయనే ఫోను చేసి అడిగాడు.

"ఎంతమంది చేతులెత్తారు?"

"అందరూనండి."

"మా ఆవిడ?"

"ముందెత్తింది ఆవిడేనండి. నీడకి బట్టలారట్లేదంట."

రంపాలు పట్టుకుని వచ్చినవాళ్ళని చూసి, మళ్ళీ శాలువా కప్పడానికి వచ్చారనుకుని చెట్టు తల వంచింది.

గడువు తీరిన రోజున అధికారిణి విశ్వేశ్వరాన్ని అడవిలోకి తీసుకెళ్ళింది. మంచినీళ్ళిచ్చి, బూట్లు విప్పమని చెప్పి, గోతిలో ఎక్కడ నిలబడాలో చూపించింది. ఆయన భోరున ఏడ్చాడు. "మొదట్లో కాస్త తిమ్మిరిగా ఉంటుంది. మీ వైపు నుంచి వచ్చిన వాళ్ళకి ఇది మామూలే. అందుకే ఒక వరుస విడిగా కేటాయించాం," అందామె. ఆయన కళ్ళు తుడుచుకుని చూశాడు. కుడిపక్క హైదరాబాదు బిల్డరు, ఎడమపక్క విశాఖ డాక్టరు దంపతులు. మనవాళ్ళే. ప్రాణం కాస్త కుదుటపడింది.

చెయ్యి పైకెత్తి ఉంచితే అక్కడ సిగ్నలు బాగానే అందుతుంది. మోకాళ్ళ దాకా బెరడు కట్టిన రోజున రత్నమాణిక్యం ఫోను చేసింది.

"ఏవండీ, లాటరీ తీశారండి. ఆ చెట్టున్న చోటు పార్కింగుకి మనకే వచ్చింది!"

"నిజంగానా!" విశ్వేశ్వరం ఆనందానికి రెండు ఆకులు రాలాయి.

"కానీ ఎండ మండిపోతందండి. కారు సీటు మీద చెయ్యెట్టలేకపోతన్నాం."

"రేకుల షెడ్డు వేయించెయ్. ఆకుపచ్చ రేకులు చూడు, చల్లగా ఉంటాయి," అన్నాడు.