తొలి బస్సు చుట్టాలు

లాక్‌డౌన్ ఎత్తేసి బస్సులు తిప్పుకోవచ్చన్న రోజు, నారాయణప్ప తెల్లవారగానే ఖాకీ చొక్కా తొడుక్కుని, మాస్కు కట్టుకుని, అద్దం ముందు నిలబడి "రైట్, రైట్" అని చూసుకున్నాడు. గొంతు పనిచేస్తోంది. మడకశిర నుంచి సోమందేపల్లెకు తిరిగే ప్రైవేటు బస్సులో ఆయన కండక్టర్. బస్సు యజమాని విజయభాస్కర్ ముందురోజే మాట తేల్చేశాడు. "జబ్బు భయానికి జనం ఎక్కకపోతే వారం చూస్తానప్పా. ఆ మీద బస్సు అమ్మేస్తా."

రోజంతా ఊళ్ళకు ఊళ్ళతో మాట్లాడే మనిషికి లాక్‌డౌన్‌లో మిగిలింది భార్య కదిరమ్మ ఒక్కతే. ఆమె మొదట్లో విన్నది. తర్వాత ఊఁ కొట్టింది. ఆ తర్వాత ఆయన నోరు తెరవగానే చీపురు పట్టుకుని పెరట్లోకి వెళ్ళేది. ఊడ్చి ఊడ్చి పెరడు గుంట పడింది. అప్పుడు నారాయణప్ప ఫోన్ పట్టుకున్నాడు. చుట్టాలకు, స్నేహితులకు, చివరికి రోజూ బస్సెక్కేవాళ్ళకు కూడా చేసేవాడు. మాట ముగించడం ఆయనకు చేతకాదు. అందుకే ప్రతిసారీ ఒకే మాటతో తెంచేవాడు. "బస్సులు తిరిగిన పొద్దే మా ఇంటికి రాండి. సంగటి, నాటుకోడి పులుసు చేయిస్తా."

అది ఫోన్ పెట్టేయడానికి అన్న మాటే. నిజంగా వస్తారని ఆయన కలలో కూడా అనుకోలేదు.

ఆ పొద్దున భర్త గడప దాటుతుంటే కదిరమ్మ ముఖం వెలిగిపోయింది. తనకు మళ్ళీ పని దొరికిందన్న సంతోషమే అనుకున్నాడు నారాయణప్ప.

పోయేటప్పుడు బస్సు ఖాళీ. "దోమ కూడా ఎక్కలేదన్నా," అన్నాడు డ్రైవర్ ఓబులేష్. తిరుగు ట్రిప్పుకు సోమందేపల్లెలో మాత్రం ఒక్క మనిషి ఎక్కింది. కదిరమ్మ చెల్లెలు నాగలక్ష్మి. లాక్‌డౌన్ మధ్యలో జ్వరమొచ్చి సగమైపోయింది. చెల్లెలు మంచం మీదుంటే పోయి చూడలేక, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని కదిరమ్మ ఏడ్చిన రోజులు నారాయణప్పకు గుర్తే.

"అక్కకు చెప్పలేదు కదా బావా?"

"చెప్పలేదు. నిన్ను చూసి సంతోషపడతాది."

తర్వాతి స్టాపులో పాత స్నేహితుడు వీరప్ప వేరుశెనక్కాయల సంచితో ఎక్కాడు. "మీ ఇంటికే పోతాండా," అన్నాడు. ఆ తర్వాత ఒక కుటుంబం పిల్లాజెల్లాతో ఎక్కింది. ఇంకో మలుపులో రోజూ బస్సెక్కే తిప్పేష్. "ఊటకు, నాటుకోడి పులుసు తినను పిలిచినావు కదప్పా, మర్చిపోతినా?" అంటూ కిటికీ పక్కన కూర్చున్నాడు. ఆగిన ప్రతిచోటా ఇదే వరస. బస్సు నిండుతుంటే నారాయణప్పకు ఒక పక్క ఉద్యోగం నిలిచిందన్న ఊరట, మరో పక్క ఇంతమందికి వండేదెవరన్న బెంగ. ఇంటికి ఫోన్ చేశాడు. మోగింది, మోగింది, ఆగిపోయింది.

వెనక సీట్లలో అప్పుడే చర్చ మొదలైంది. ఇంతమందిని ఊరికే పిలవడు, ఏదో ఉండాది అన్నాడు వీరప్ప. కరోనా వచ్చి బతికినాడేమో, మొక్కు తీర్చుకుంటాండాడు అన్నారెవరో. ఆ మాట ముందు సీట్లకు వచ్చేసరికి బతకడం జారిపోయింది.

చివరి స్టాపులో ఎక్కిన ముసలావిడ ముందువాళ్ళతో నాలుగు మాటలాడి, టికెట్ కోసం వచ్చిన కండక్టర్ మాస్కు వైపు జాలిగా చూసింది. "నారాయణప్ప దినానికి నేనూ పోతాండానప్పా. మంచోడే పాపం. నోరే మూతపడేది కాదు. ఇప్పుడన్నా నెమ్మదిగా ఉంటాడు."

నారాయణప్ప టికెట్ చింపి ఆమె చేతిలో పెట్టాడు. "టికెట్ తీసుకోమ్మా," అన్నాడు.

ఇంకాస్త దూరం పోయాక ఇరుకు కల్వర్టు దగ్గర ఎదురుగా సోమందేపల్లె పోయే బస్సు వచ్చింది. రెండు బస్సులూ నెమ్మదించి, ఒకదాన్నొకటి రాసుకున్నట్టుగా దాటుతున్నాయి. ఆ బస్సు కిటికీలో కదిరమ్మ. ఒళ్ళో సంచి, తలలో కనకాంబరాలు.

"అక్కా!" అని అరిచింది నాగలక్ష్మి.

"యాడికి పోతాండావే?" అని నారాయణప్ప తల బయటపెట్టి చేయి ఊపాడు. కదిరమ్మకు కనిపించింది మొగుడొక్కడే. రోజంతా మాట్లాడింది చాలక రోడ్డు మీద కూడానా అనుకుని, చేయి ఊపి, కిటికీ అద్దం మూసేసింది. చెల్లెల్ని చూడాలని ఆమె ఎన్నాళ్ళుగానో కాచుకుని ఉంది. మొగుడికి చెబితే దారి పొడవునా చాటుతాడని ఒక్క ముక్క కూడా చెప్పలేదు.

మడకశిరలో ఇంటికి తాళం, కదిరమ్మ ఫోన్ లోపలే మోగుతోంది. బస్సుస్టాండుకు తిరిగొచ్చి, బస్సు మెట్టు మీద నిలబడి నారాయణప్ప ఉన్నదున్నట్టు చెప్పాడు. మాస్కు కూడా కిందికి లాగాడు. ముసలావిడ ఆయన్ను తేరిపార చూసి, "బతికే ఉండావా, అయితే కూడు యాడ?" అంది. నాగలక్ష్మి మాత్రం సీట్లోంచి లేవలేదు. "నేను మళ్ళీ పోతా బావా. అక్క మా ఇంటి ముందర నిలబడుకోనుంటాది." ఆమె లేవకపోయేసరికి వీరప్ప లేవలేదు. వీరప్పను చూసి తిప్పేష్ లేవలేదు. పెళ్ళివారిలా అందరూ అదే బస్సులో వెనక్కి బయలుదేరారు.

దారి పొడవునా నారాయణప్ప, తాళం వేసిన గడప ముందు ఎండలో నిలబడిన కదిరమ్మనే తలుచుకున్నాడు. సోమందేపల్లెలో దిగి చూస్తే గడప ముందు ఎవరూ లేరు. తలుపు తీసి ఉంది. లోపలి నుంచి పులుసు వాసన.

నాగలక్ష్మి తాళంచెవి పక్కింట్లో ఇచ్చి వెళ్ళింది. బావ ఫోన్ చేసి భోజనానికి పిలిచినాడంట అని పక్కింటావిడ చెప్పగానే కదిరమ్మకు మిగతాదంతా అర్థమైపోయింది. ఒక్కరిని పిలిచి ఊరుకునే మనిషి కాదు తన మొగుడు, ఇంటికి తాళం చూసి అందరినీ ఇటే తోలుకొస్తాడు. పెద్ద గుండిగ పక్కింట్లో అడిగి తెచ్చి పొయ్యి మీద పెట్టింది.

గడపలో చెల్లెల్ని చూడగానే చేతిలో గరిటె పక్కన పెట్టి, ఆమె చెంపలు తడిమింది. "ఇంత చిక్కిపోయినావా," అంది. పొయ్యి పక్కన పీట వేసి కూర్చోబెట్టింది. తర్వాత కదిరమ్మ భర్త వైపు తిరిగింది.

"ఎంతమంది?"

"బస్సుకు సరిపడా."

"ఆకులు కోసుకురా పో."

విస్తళ్ళు వేసి వడ్డిస్తుండగా విజయభాస్కర్ ఫోన్ చేశాడు.

"ఏమప్పా, జనం ఉండారా?"

"నిండుగా ఉండారు సార్."

"అందరూ కూర్చున్నారా?"

"రెండో పంక్తి ఇప్పుడే కూర్చునింది సార్."

సీట్ల సంగతి చెబుతున్నాడనుకుని, విజయభాస్కర్ బస్సు అమ్మే ఆలోచన ఆ పూటకు మానుకున్నాడు.