మెదడులో బాదంగింజ

అది 2002 జూలైలో రెండో శనివారం. నాంపల్లి కోర్టులో నకళ్ల విభాగం గుమస్తా వామన్‌రావుకు సెలవు. కూతుర్ని ఆబిడ్స్‌లో పిల్లలకు ఆటలతో వైద్యం చేసే మేడం దగ్గరికి తీసుకుపోవాలి, ఓ గంట కూర్చోవాలి, వస్తూ వస్తూ ఇరానీ చాయ్ తాగాలి. ఆ రోజుకు ఆయన వేసుకున్న కార్యక్రమం అంతే.

కూతురు వైశాలికి ఆరేళ్లు. నెల తిరక్కుండా ఇద్దరు తోటిపిల్లల్ని కొరికింది. మూడోసారి కొరికితే టీసీ చేతికిస్తామని బడివాళ్లు కబురు పెట్టారు. ఎందుకు కొరికావని అడిగితే మాత్రం ఆ పిల్ల నోరు విప్పదు.

యూనీస్ మేడం గది నిండా బొమ్మలు, రంగు మట్టి, మధ్యలో ఇసుక తొట్టి. వైశాలిని గంటసేపు ఆడించాక ఆమె తండ్రిని పిలిచి నెమ్మదిగా వివరించింది. మెదడు లోపల బాదంగింజంత భాగం ఉంటుంది. భయం వేసినా కోపం వచ్చినా అది గంట కొడుతుంది. అది మోగుతున్నంతసేపూ ఆలోచించే భాగానికి ఏమీ వినపడదు. ఈ పాపకు అది చిన్న విషయాలకే మోగుతోంది, ఆటలతో దాన్ని శాంతపరచవచ్చు. వామన్‌రావు ఇందులో సగమే విన్నాడు. మిగతా సగం చెబుతుండగా వైశాలి ఆయన చెప్పుల్లో ఇసుక పోస్తోంది.

నకలు అక్షరం పొల్లుపోకుండా ఉందని ఇరవై ఏళ్లుగా సంతకం పెడుతున్న ఆ మనిషి, ఇంటికి వెళ్లి చెప్పింది ఇదీ:

"పిల్ల మెదడుల బాదంగింజ ఉందంట. చిన్నదే. ఫికర్ చెయ్యొద్దన్నరు."

ఆయన తల్లి కామాక్షమ్మ చేతిలోంచి చేట జారింది. తెలివి పెరుగుతుందని రోజూ పొద్దున నాలుగు నానబెట్టిన బాదంగింజలు మనవరాలికి తినిపించేది ఆమే. ఒకటి ముక్కులోంచి పైకి పోయి ఉంటుందని కూలబడింది. బళ్లో హిందీ చెప్పే కోడలు విద్యావతి, అలా పోవడానికి దారే లేదని చెప్పబోయింది. అంతలో అత్తగారి మీద పాత కోపాలు గుర్తొచ్చి, బాదం వద్దని తాను ముందే చెప్పానంది.

పైవాటాలో ఉండే అమరేశ్వరరావు రిటైరైన కాంపౌండరు. గొడవ విని దిగి వచ్చి, గింజ నానితే ఉబ్బుతుందని, తలకు నీళ్లు తగలనివ్వొద్దని ఆదేశించాడు. వైశాలి తలకు తువ్వాలు చుట్టారు. మధ్యాహ్నం ఎక్స్‌రే తీయించారు. అందులో ఏమీ కనపడలేదు. గింజకు ఎముక ఉండదు గనుక ఎలా కనపడుతుందని అమరేశ్వరరావు తేల్చేశాడు. అప్పుడు కామాక్షమ్మ నశ్యం పట్టించింది. వైశాలి వరసగా పదిహేడు తుమ్ములు తుమ్మింది. ప్రతి తుమ్ముకూ నలుగురు పెద్దలూ నేలమీద వంగి వెతికారు.

ఆదివారానికి ఆ కబురు గల్లీలో ఆపరేషన్‌గా మారింది. చూడవచ్చినవాళ్లు యాపిల్ పండ్లు తెచ్చారు. తల పట్టుకుంటే ఐస్‌క్రీం వస్తుందని కనిపెట్టిన వైశాలి, గంటకోసారి పట్టుకోసాగింది.

సోమవారం పొద్దున వామన్‌రావు, విద్యావతి సెలవు పెట్టారు. అందరూ కలిసి రెండు ఆటోల్లో యూనీస్ దగ్గరికి వచ్చిపడ్డారు. గింజ ఎప్పుడు తీస్తారని అమరేశ్వరరావు అడిగాడు. విషయం అర్థం కావడానికి యూనీస్‌కు అయిదు నిమిషాలు పట్టింది. నవ్వు ఆపుకోవడానికి ఇంకాస్త పట్టింది. అది గింజ కాదని, భయం, కోపం వస్తే గంట కొట్టే మెదడు భాగమని మళ్లీ చెప్పింది.

"అది అందరికీ ఉంటదమ్మా, పుట్టుకతోనే" అంది కామాక్షమ్మతో.

"నాగ్గూడనా?"

"మీకూ రెండున్నాయి. అటొకటి, ఇటొకటి."

కామాక్షమ్మ ముఖం ఎర్రబడింది. ఇంట్లో రోజూ మోగేది ఎవరిదో అందరికీ తెలుసని విద్యావతి గోడవైపు చూస్తూ అంది. పేరు చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమూ రాలేదు. అత్తాకోడళ్లు మొదలుపెట్టారు. వాళ్లను ఆపడానికి వామన్‌రావు వాళ్లకంటే గట్టిగా అరిచాడు. అరిస్తే బీపీ పెరుగుతుందని అమరేశ్వరరావు అందరికంటే గట్టిగా చెప్పాడు.

ఆ గోలలో వైశాలి ఇసుక తొట్టి దగ్గర చతికిలబడింది. నాలుగు పెద్ద బొమ్మల్ని ఎదురెదురుగా నిలబెట్టి, ఒక చిన్న బొమ్మ మీద గిన్నె బోర్లించింది. యూనీస్ వెళ్లి పక్కన కూర్చుని, గిన్నె కింద అది ఏం చేస్తోందని అడిగింది.

"సప్పుడు తగ్గేదాక దాసుకుంది."

"తగ్గకపోతే?"

"కొరుకుతది."

వెనక అరుపులు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. కామాక్షమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వామన్‌రావు కూతురి తల మీది తువ్వాలు మెల్లగా విప్పాడు. విద్యావతి వంగి గిన్నె ఎత్తబోతే యూనీస్ వద్దని సైగ చేసింది. చెవి ఒగ్గి విన్నాక, వైశాలి గిన్నెను తానే ఎత్తింది.

యూనీస్ చీటీ రాసిచ్చింది. శనివారం ఆట పాపకు కాదు, పెద్దవాళ్లు నలుగురికీ. మట్టి అంటినా పర్వాలేదనుకునే బట్టలు కట్టుకుని రావాలి.

ఆ వారం వైశాలి ఎవర్నీ కొరకలేదు. శనివారం వామన్‌రావు, విద్యావతి మళ్లీ సెలవు పెట్టారు. పదిన్నరకు వైశాలి యూనీస్ గది బయట బల్ల మీద కాళ్లూపుకుంటూ కూర్చుంది. ఒంటరిగా ఉన్నావేమిటి పాపా అని పక్కనున్న ఒకావిడ అడిగింది.

"మావోళ్లు లోపలున్నరు" అంది వైశాలి. "జర టైం పడతది."

లోపల బొమ్మ లారీ కోసం పేచీ నడుస్తోంది. ఎంతకీ పట్టు విడవని ఆ ఇద్దరిలో చిన్నవాడికి నలభై నాలుగేళ్లు.