ఏడో ఊరికీ ఆరింటికే

తంతి పెద్దలారా! చిన్నపోలయ్య తెప్పని విరిచింది గాలివాన కాదు, మీరు! మీ బల్ల మీది జాబితా!

అయినా కోపం ఎందుకు? ఆలస్యంగా వచ్చే తుఫాను హెచ్చరికంత వరం మన తీరానికి మరొకటి లేదు. ముందుగా వచ్చేది నిజం కావచ్చు, కాకపోవచ్చు. గాలి వెళ్లిపోయాక వచ్చింది అబద్ధమయ్యే ప్రసక్తే లేదు! ఇంత కచ్చితంగా చెప్పడం ఏ శాస్త్రజ్ఞుడి తరం?

పోయిన అక్టోబరు సంగతే చూడండి. ఉదయం ఆరింటికి పెద్ద తంతి ఆఫీసుకి కబురు అందింది. పొద్దెక్కేసరికి తుఫాను, ఎవరూ సముద్రంలోకి వెళ్లరాదు. ఏడు ఊళ్లకి చెప్పాలి. మీట ఒకటి, నొక్కే వేలు ఒకటి. ఒక ఊరు ‘అందింది’ అని బదులు కొడితేగాని తర్వాతి ఊరికి కొట్టకూడదని రూలు. జాబితాలో మొదటిది తాలూకా కచ్చేరీ ఉన్న ఊరు. సముద్రానికి ముప్పై మైళ్లు! హోదా చూసి రాసిన జాబితా మరి. ఒడ్డునే ఉన్న గవ్వలపాళెం ఏడోది.

తాలూకా ఊళ్లో హెచ్చరిక దివ్యంగా పనిచేసింది. తహసీల్దారు గారి మిద్దె మీది అప్పడాలు ఒక్కటీ తడవలేదు! రెండో ఊళ్లో స్కూళ్ల ఇన్‌స్పెక్టరు గారు గొడుగు బాగుచేయించుకున్నారు. మూడో ఊరి టపా మాస్టరు గడ్డం గీయించుకోవడానికి వెళ్లి, అక్కడే కబుర్లలో పడ్డారు. ఆయన బదులు కొట్టేదాకా మిగతా నాలుగు ఊళ్లూ ఆగాయి. తుఫాను ఆగలేదు. దానికి రూల్సు తెలియవు!

గవ్వలపాళెం పల్లెపెద్ద చిన్నపోలయ్య తెప్ప దించేముందు రోజూ తంతి కబుర్లు అందే టపా ఆఫీసులోకి తొంగిచూసి పోతాడు. ఆవేళా ఏడింటికి చూశాడు.

“ఏమన్నా వచ్చినాదా సామీ?”

“ఏమీ రాలా. పొయ్యిరా,” అన్నాడు టపా మాస్టరు హజరత్తయ్య.

వెళ్లాడు. గాలి తెప్పని దుంగలు దుంగలుగా విప్పేసింది. వల గంగమ్మ పాలు. ఒక దుంగ పట్టుకుని, మూడు మైళ్ల అవతల ఒడ్డున పడి, గాలి తగ్గాక నడిచి ఊరు చేరేసరికి సాయంత్రం అయిదు. హజరత్తయ్య కాగితంతో ఎదురొచ్చాడు.

“పోలయ్యా, ఇయ్యాల సముద్రంలోకి పోబాకండి. తుఫానంట.”

చిన్నపోలయ్య చెవిలో ఇసుక దులుపుకున్నాడు. “ఎప్పుడొచ్చినాది?”

“ఇప్పుడే. అయితే ఆరింటికే అందిందని నువ్వు వేలిముద్ర వెయ్యాల. ఏడూళ్ల కాగితాల్లోనూ ఒకే టైము ఉండాలంట. పైనుంచి ఆర్డరు.”

ఆహా! ఏడు ఊళ్లు, ఒకే నిమిషం! గడియారాలకే అసూయ పుట్టదా?

హజరత్తయ్య అతని బొటనవేలికి సిరా పూశాడు. పక్కనే ఉన్న పెళ్లాం పోలేరమ్మ మొగుడి మణికట్టు పట్టుకుంది.

“వెయ్యబాకయ్యో! తెలిసే పోయినాడని రాసుకుంటారు. రేపు నువ్వు మునిగినా తప్పు నీదే అంటారు!”

“ఏడింటికి నిన్నే అడిగినా గదా సామీ,” అన్నాడు చిన్నపోలయ్య. “ఏమీ రాలా అంటివి. ఆ ముక్క రాయి, ముద్ర ఏస్తా.”

హజరత్తయ్య కలం ఎత్తాడు. ఎత్తినవాడు రాయనూ లేదు, దించనూ లేదు.

పెద్దలారా, ఇంత వరాన్ని మత్స్యకారులే అనుభవించడం అన్యాయం. తహసీల్దారు గారి అప్పడాలకీ కాస్త దక్కాలి! వచ్చే అక్టోబరులోపు జాబితా తిరగేయండి. గవ్వలపాళెం మొదటిది, తాలూకా ఊరు ఏడోది. అది నచ్చకపోతే ఏడు తీగెలూ ఒకే మీటకి తగిలించి ఒక్క దెబ్బన కొట్టండి. ఇక ఆ కాగితమా? చిన్నపోలయ్య బొటనవేలు సిద్ధంగానే ఉంది. నిజం టైము రాసి తీసుకురండి!