కొడవలి చెక్క నడిబిందువు

భుజాలన్నీ సమానంగా లేని పొలానికి వైశాల్యం ఉండదని సర్వే ఆఫీసు ఉత్తర్వు అమల్లోకి వచ్చిన పొద్దున, పేరయ్య మిరపచేలో వైశాల్యం లేకుండా పోయింది. గట్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. వాటి మధ్య ఉండాల్సింది మాత్రం లేదు. ఈ గట్టు మీంచి కాలు లోపలికి పెడితే అది ఆవలి గట్టు మీద పడుతోంది.

పేరయ్య చెప్పులు విడిచి మళ్ళీ కాలు పెట్టి చూశాడు. అప్పుడూ అంతే. పక్కచేను నాసరయ్య కూడా తన గట్టు మీద అదే పనిలో ఉన్నాడు.

"నీకూ పోయిందా బావా?"

"పోయింది. నీదో?"

"జొన్నతో సహా పోయింది. నిన్ననే యూరియా చల్లాను. ఒక్కరోజు ఆగినా బాగుండేది."

పేరయ్యకి ఇంకో ఇబ్బంది కూడా ఉంది. కాయ పండి రాలిపోతోందని ఆయన భార్య అంకమ్మ తెల్లారేసరికే గంప తీసుకుని చేలోకి దిగింది. ఇప్పుడు ఆమె లోపలుంది, లోపల అనేది లేదు. గట్టుకి చెవి ఆనిస్తే గొంతు వినపడుతోంది.

"ఏందయ్యో, కదలటానికి లేకుండా అయింది ఇక్కడ. నువ్వేం చేశావు?"

"నేనేం చెయ్యలేదే. ఆఫీసోళ్ళు చేశారు. నేను పోయి అడిగొస్తా, నువ్వక్కడే ఉండు."

"ఉండక యాడికి పోతాను?"

సర్వేయరు సుధాకర్ మర్యాదస్తుడు. వచ్చిన ప్రతివాళ్ళకీ కుర్చీ చూపిస్తాడు. అందులో ఎవరో ఒకరు ముందే కూచుని ఉంటారు గాని, చూపించడం మాత్రం మానడు. ఆఫీసు దగ్గర ఇప్పుడున్న లెక్క ఒకటేనని ఆయన చెప్పాడు. పొలం చుట్టుకొలతలో సగం తీసుకోవాలి. నడిబిందువు నుంచి ఒక భుజం మధ్యకి లంబం దించాలి. ఆ రెంటినీ హెచ్చవేస్తే వైశాల్యం వస్తుంది. భుజాలు సమానమై, కోణాలు సమానమైతేనే ఏ భుజానికి దించినా లంబం ఒకటే అవుతుంది. కాకపోతే రాదు. రానిది ఉన్నట్టు రాయడానికి ఆఫీసుకి అధికారం లేదు.

"మాది కొడవలి చెక్కయ్యా, కొడవలి మాదిరి వంకర చేను," అన్నాడు పేరయ్య. "వాగు అట్టా తిరిగింది, మా తాత అట్టా దున్నాడు."

"కొడవలికి సూత్రం లేదు పెద్దాయనా."

"లోపల మా ఆడమనిషి ఉంది."

"లోపల ఉందనాలంటే ముందు లోపల ఉండాలి గదా. మీ బాధ నాకు తెలుసు. పొలాన్ని సమబహుభుజి చేసుకోండి. లోపల దానంతటదే వస్తుంది."

భుజాలు ఎన్ని ఉండాలన్న దాని మీద ఊరు కూచుని మాట్లాడుకుంది. అయిదు పెడితే పొలానికీ పొలానికీ మధ్య సందులు మిగులుతాయనీ, సందుల్లో పడ్డవాళ్ళతో ఆఫీసుకి సంబంధం ఉండదనీ సుధాకర్ ముందే చెప్పాడు. నాలుగు చాలన్నారు కొందరు. అంతే పొడుగు గట్టుకి నాలుగు భుజాల కన్నా ఆరు భుజాల్లో ఎక్కువ నేల పడుతుందని లెక్క చూపించగానే ఆ కొందరూ నోరు మూసుకున్నారు. పొలాలన్నీ తేనెపట్టు గదుల్లా గీయాలని ఖాయమైంది. వాగు ఒక్కటే, తనకి ఉత్తర్వు అందనట్టు వంకరగా పారుతూ ఉంది.

పేరయ్య మేకులు పాతి, తాళ్ళు లాగి, పాత గట్లు తీసి కొత్తవి పోశాడు. అంకమ్మ గొంతు రోజురోజుకీ సన్నబడుతోంది. మొదట్లో తిట్టేది. ఇప్పుడు కాయ సంగతి ఒక్కటే అడుగుతోంది. పేరయ్య గట్టు పోయడం తొందర చేశాడు.

అయినా భుజాలు కలవలేదు. టేపు పెట్టినప్పుడల్లా నాసరయ్య వైపుది కొంచెం తక్కువొచ్చేది. ఆ ఊళ్ళో ఏటా దుక్కికి ముందు అవతలి వాడి గట్టుని ఒక పార మందాన చెక్కడం అలవాటు. దాన్ని దొంగతనం అని ఎవరూ అనరు. ఇంట్లోకి పోయేముందు కాళ్ళు దులుపుకోవడం ఎట్టాంటిదో అదీ అట్టాంటిదే. నాసరయ్య కొలతలు చూడటానికి వచ్చి, మాట్లాడుతూ మాట్లాడుతూనే చెక్కేస్తున్నాడు.

"ఒరే నాసరయ్యా, ఆ పార ఇట్టా ఇయ్యి. నా పెళ్ళాం లోపలుందిరా."

"నేను కావాలని చేస్తన్నానా బావా? పార లేకుండా గట్టు మీద నిలబడితే చేతులు యాడ పెట్టుకోవాలో తెలవదు నాకు."

"ఆ చేతుల్తో టేపు పట్టుకో."

నాసరయ్య పట్టుకున్నాడు. ఆరు భుజాలూ సమానమయ్యాయి. అయినా వైశాల్యం రాలేదు. సుధాకర్ గట్టు మీద గొడుగు కింద నిలబడి ఆలోచించాడు. నడిబిందువు లేదన్నాడు. లంబం ఎక్కడో ఒక చోటి నుంచి దిగాలి గదా, ఆ చోట ఎవరైనా నిలబడాలన్నాడు.

"నే పోయి నిలబడతా," అన్నాడు పేరయ్య.

"మీరు కాలు పెడితే ఆవలి గట్టు మీద పడతారు. లోపల ఇప్పటికే ఉన్నది ఎవరు?"

"అంకమ్మ. మరి ఆమె ఉన్నది నడిమధ్యనో కాదో?"

"చోటే లేనప్పుడు ఎక్కడున్నా నడిమధ్యేగా. నిటారుగా నిలబడమనండి."

పేరయ్య గట్టుకి నోరు ఆనించి చెప్పాడు. కాసేపటికి చేను వచ్చేసింది. చెట్టు చెట్టుకీ ఎర్రగా కాయ, మధ్యలో గంప, గంప పక్కన అంకమ్మ. కొంగుతో మొహం తుడుచుకుని ఆమె గట్టు వైపు ఒక్క అడుగు వేసింది. ఆ చివర మిరప వరస మాయమైంది.

"కదలొద్దమ్మా!" అరిచాడు సుధాకర్. "మీరు జరిగితే లంబాలు సమానంగా ఉండవు."

అంకమ్మ అడుగు వెనక్కి తీసుకుంది. వరస తిరిగొచ్చింది.

"ఎంతసేపు ఇట్టా?"

"వైశాల్యం కావాల్సినంత కాలం."

అంకమ్మ చుట్టూ చూసింది. ఆ నారు పోసింది తను, బిందెలతో నీళ్ళు మోసి బతికించుకుంది తను. గంప పేరయ్య వైపు తోసింది.

"అయితే వాగు వైపుది ముందు కొయ్యి. ఆడ కాయ రాలిపోతంది. నాకు కాసిని మంచినీళ్ళు తే."

కోత అయింది. పొలం కాగితం రాసేటప్పుడు పేరయ్య నసుగుతూ అడిగాడు. "అయ్యా, మా ఆడమనిషి పేరు కూడా ఏస్తారా?"

"బిందువుకి పొడవూ వెడల్పూ ఉండవు పెద్దాయనా. పేరు ఎక్కడ పట్టిస్తాం?"

పేరయ్యకి ఆ మాట సబబుగానే తోచింది.

పేరయ్య చేను వచ్చాక, దాని వైపు నుంచి కాలు పెడితే పక్క చేలోకి దిగటానికి వీలైంది. నాసరయ్య తన చేలో తనే నిలబడదామని చూశాడు గాని, గట్టు కనపడితే ఆయన కాళ్ళు ఆగవు. జొన్న వచ్చిపోతూ, వచ్చిపోతూ ఉంటే విసిగిపోయి ఆయన భార్యే వెళ్ళి నిలబడింది. మిగతా పొలాల్లోనూ అట్టాగే జరిగింది. ఇప్పుడు దిబ్బ ఎక్కి చూస్తే ఆరు భుజాల పొలాలు ఒకదానికొకటి ఆనుకుని ముచ్చటగా ఉంటాయి. ప్రతి దాని నడిమధ్యా కొంగు నెత్తిన వేసుకుని ఒక ఆడమనిషి. వాళ్ళు ఒక చేలోంచి ఇంకో చేలోకి కేకలేసుకుని మాట్లాడుకుంటారు. పెద్ద ఆఫీసర్లు వచ్చి ఫొటోలు తీసుకున్నారు. సర్వే ఇంత శుభ్రంగా ఎక్కడా చూడలేదన్నారు.

ఎండాకాలంలో అంకమ్మ అక్క కొడుకు పెళ్ళయింది. పేరయ్య ఒక్కడే వెళ్ళాడు. బంతిలో కూచున్నాక వదిన పప్పు గిన్నె పట్టుకుని వచ్చింది.

"మరిదీ, మా చెల్లెలు రాలేదా?"

"పొలంలో ఉందొదినా."

"దానికి అంతకన్నా వేరే చోటు ఎప్పుడుంది గనక," అని ఆమె ఇంకో గరిటె పప్పు వేసి, పక్క విస్తరికి జరిగింది.