తెల్ల అక్షరాల స్వాగత గీతం

గురువారం సెలవు కాబట్టి పాటల టీచరు ఆ ఉదయానికి వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ చల్లారేలోపు స్వాగత గీతాన్ని కంప్యూటర్లోకి ఎక్కించడం, ఎండ ముదిరేలోపు బట్టలు ఆరేయడం, మధ్యాహ్నం హాయిగా ఓ కునుకు తీయడం. ఇరవై ఏళ్లుగా పాటలు చేత్తో రాసుకుంటున్న మనిషికి, అయిదు గీతల మీద స్వరానికొక చుక్క పెట్టి, చుక్క కింద మాట పెట్టడం ఒక లెక్కా?

చేత్తో రాస్తే చెల్లదని కొత్త ప్రిన్సిపాల్ గారి ఆజ్ఞ. బడిలో ఏ కాగితమైనా అచ్చులోనే ఉండాలట. దాంతో ఆరో తరగతి పిల్లలు రెండు వారాలుగా మాటల్లేకుండా ‘లలలా’ అంటూ వరస మాత్రమే నేర్చుకున్నారు. శుక్రవారం పదింటికి యాజమాన్యం ఛైర్మన్ గారు వస్తున్నారు. పాట ఆయనకు నచ్చితే పాటల పీరియడు ఉంటుంది, లేకపోతే దాన్ని ఎత్తేసి లెక్కలకు ఇచ్చేస్తారు. ఆ పాట రాసింది కూడా ప్రిన్సిపాల్ గారే. ఆయన లెక్కల మనిషి, పాట కూడా ఎక్కాల్లాగే ఉంది.

పాటలు అచ్చువేసే సాఫ్ట్‌వేర్ పెట్టి ఇచ్చింది టీచరు తమ్ముడు. లోకంలో నలుమూలల వాళ్లూ కలిసి తయారుచేసి ఊరికే పంచిపెడుతున్నారనీ, ఏ సందేహం వచ్చినా మాన్యువల్ చూసుకోమనీ చెప్పి వెళ్లాడు. ఊరికే ఇచ్చినవాళ్లను తిట్టకూడదని ఆమె అనుకుంది. ఆ మంచితనం పదకొండింటి దాకా నిలిచింది.

చుక్కలు బుద్ధిగానే కూర్చున్నాయి. పేచీ అంతా మాటలతోనే. ఒక అక్షరాన్ని రెండు మూడు చుక్కల మీద సాగదీసి పాడాల్సిన చోట సాఫ్ట్‌వేర్‌కు ఓపిక ఉండదు. తర్వాతి మాటను లాక్కొచ్చి ఆ చుక్క కింద కూర్చోబెడుతుంది. అలా తోసుకుంటూ తోసుకుంటూ మాటలన్నీ ముందే అయిపోయి, ఆఖరి చరణానికి ఒట్టి చుక్కలు మిగిలాయి. మధ్యలో ఖాళీలు వదిలి చూసింది. ఖాళీలను అది ఖాతరు చేయలేదు.

మాన్యువల్ తెరిచింది. తొమ్మిది వందల పేజీలు. మాటల అమరిక గురించి మూడో భాగంలో వివరించామని మొదటి భాగంలో ఉంది. ఇది పాఠకులకు తెలిసిన విషయమే కనుక ఏడో భాగం చూడమని మూడో భాగంలో ఉంది. ఏడో భాగంలో ‘ఇంకా రాయవలసి ఉంది’ అని మాత్రమే ఉంది. ఆన్‌లైన్‌లో అడిగితే పది నిమిషాల్లో ఎవరో పుణ్యాత్ముడు జవాబిచ్చాడు, ముందు మాన్యువల్ చదవమని.

తమ్ముడికి ఫోన్ చేస్తే వేరేది కొనుక్కోమన్నాడు.

“కొనను. పొమ్మనలేక పొగబెట్టే పుస్తకానికి నేను తలవంచుతానట్రా? నా పాట నేను నిలబెట్టినచోట నిలబడాల్సిందే,” అని ఫోన్ పెట్టేసింది.

పంతం పట్టాక బుర్ర పదునెక్కింది. ఖాళీని ఖాతరు చేయని ఆ సాఫ్ట్‌వేర్ మాటను ఖాతరు చేస్తుంది కదా. సాగదీసే చుక్క కింద ఏదో ఒక మాట పెట్టి, దానికి తెల్లరంగు వేస్తే సరి. తెల్లకాగితం మీద తెల్ల అక్షరం ఎవడికి కనబడుతుంది? మొదటి చుక్క కింద ‘ఆగు’ అని పెట్టింది. పాట నిజంగానే ఆగింది. తర్వాత ‘కదలకు’ అని పెట్టింది. ఆ తర్వాత పొద్దుటినుంచీ పేరుకున్న కడుపుమంట దారి చూసుకుంది. పొడుగు మాటైతే చుక్కల మధ్య ఎడం కూడా పెరుగుతోందని గమనించి, ఇరుకు చోట చిన్న తిట్టు, విశాలమైన చోట పెద్ద తిట్టు సర్దుకుంటూ పోయింది. ముప్పయ్యో ఖాళీ దగ్గర నిల్వ అయిపోయింది. తిట్టిన తిట్టే తిట్టడం ఆమెకు చిన్నతనంగా తోచింది.

కోడలికి తీరిక లేదని తనే బట్టలు ఆరేస్తున్న అత్తగారు గుమ్మంలోకి వచ్చారు. “పొద్దుట్నుంచీ ఎవర్నే తిడుతున్నావు?”

“ఈ మాన్యువల్ రాసినవాళ్లని అత్తయ్యా. ఇంకో పాతిక కావాలి, నా దగ్గర అయిపోయాయి.”

అత్తగారు తడిచేతులు తుడుచుకుని కుర్చీ లాక్కున్నారు. “రాసుకో.”

అది నలభై ఏళ్ల సంసారంలో పైకి అనలేక దాచుకున్న సరుకు. కోడలికి ఆ పెద్దావిడ మీద గౌరవం అమాంతం పెరిగింది. సాయంత్రానికి పాట ఎక్కడిదక్కడ నిలబడింది. తెర మీద తీర్చిదిద్దినట్టు కనిపించిన ఆ ఫైలును బడి గుమస్తాకు పంపేసింది.

మర్నాడు గుమస్తా దాన్ని నలభై కాపీలు తీశాడు. రంగు ఇంకు ఆదా కోసం, ఏ రంగు అక్షరమైనా నల్లగానే పడేట్టు ప్రిన్సిపాల్ గారు ప్రింటర్‌ను ఎప్పుడో మార్పించారు. కవి ఎవరో తెలుసు కనుక గుమస్తా అందులో ఒక్క ముక్క కూడా చదవకుండా పిల్లలకు పంచేశాడు. పిల్లలు చదివారు, ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. కానీ కాగితంలో ఏముంటే అదే పాడాలని, సొంత కవిత్వం పనికిరాదని టీచరు వాళ్లకు గట్టిగా నేర్పింది. ఆమెకు పాట కంఠతా వచ్చు కనుక కాగితం ముట్టుకోకుండానే వేదికెక్కి చెయ్యెత్తింది.

“విచ్చేసిన అతిథీ, ఆగు. మా పాలిటి పెన్నిధీ, కదలకు. మీ పాదం సోకి, దిక్కుమాలిన, మా ప్రాంగణం పులకించెను, చాల్లే. మీ సేవలు, నీ దుంపతెగ, మరువలేము, అప్రాచ్యుడా.”

తెల్ల అక్షరాలు నల్లగా అచ్చయ్యాయని టీచరుకు అర్థమైంది. చెయ్యి దించితే పాట ఆగుతుంది, పాటతోపాటు పీరియడూ పోతుంది. ఆమె చెయ్యి దించలేదు. గడ్డం ఇంకాస్త పైకెత్తి ఆఖరి తిట్టు దాకా తాళం వేసింది. ఎక్కడా శ్రుతి తప్పలేదు. అంత చక్కగా ఆ పిల్లలు అంతకుముందెప్పుడూ పాడలేదు.

ఇది ఎవరి రచన అని ఛైర్మన్ గారు అడిగారు. ప్రిన్సిపాల్ గారు గబగబా ముందుకొచ్చారు. “పొగడ్తలు మాత్రమే నావి సార్. తిట్లు ఆవిడవి.”

“అవును సార్, నావే,” అంది టీచరు. “సగం మా అత్తగారివి.”

వెంటనే వాటిని తీసేసి మళ్లీ పాడించమన్నారు ప్రిన్సిపాల్ గారు.

“తిట్లు తీస్తే పాట నిలబడదండీ. మొత్తం జారిపోతుంది. కావాలంటే మాన్యువల్ చూసుకోండి.”

ఛైర్మన్ గారు కాగితం తెప్పించుకుని, కళ్లజోడు పెట్టుకుని, మొదటినుంచి చివరిదాకా చదివారు. చదువుతుంటే ఆయన భుజాలు కదిలాయి. “నాకు ఇరవై రెండు బళ్లున్నాయమ్మా. ఇరవై రెండుచోట్లా నిలబెట్టి పొగుడుతారు. ఈ ‘చాల్లే, ఆగు’ ఇన్నాళ్లూ నేను మనసులో పాడుకునేవాణ్ణి. ఇవాళ పిల్లలు పైకి పాడారు.”

పాటల పీరియడు వారానికి ఒకటి కాదు, రెండని అక్కడికక్కడే ప్రకటించారు. ఇకమీదట తన బళ్లన్నింటిలో, వచ్చేవాళ్లు ఎంతటివారైనా, ఈ పాటతోనే, ఒక్క మాట కూడా తీయకుండా స్వాగతం చెప్పాలని ఆదేశించారు.

ఆ ఏడు ఇరవై రెండు బళ్లలో ఏ ఒక్కదానికీ ముఖ్య అతిథి దొరకలేదు.