సదాశివానికి కొట్టిన గుమ్మడికాయ

లండన్ శివారు హేస్, పరిసర ప్రాంతాల్లో నివసించు తెలుగువారికి తెలియజేయునది ఏమనగా: దిగ్దర్శక చక్రవర్తి సదాశివం గారి కీర్తి తగ్గినదా, లేదా అను విషయము వచ్చే ఆదివారం భోజనానంతరం కమ్యూనిటీ హాలులో తేల్చబడును. వారి కొత్త చిత్రం ఇంకా విడుదల కాలేదు గనుక సభ్యులు తమ అభిప్రాయాలను నిర్మొహమాటంగా చెప్పవచ్చును.

ఈ ప్రకటనను నా కొట్లోనే అంటించారు, కొత్తిమీర కట్టల పైన. అక్కడైతే ప్రతివాళ్ళూ ఆగుతారు. కొత్తిమీర తాజాగా ఉందా లేదా అని తేల్చుకున్నాక, సదాశివం తాజాగా ఉన్నాడా లేదా అని ఆలోచించడం వాళ్ళకు పెద్ద కష్టం కాలేదు. రెండింటికీ పద్ధతి ఒకటే: కొనకుండా వాసన చూడడం.

నేను వ్యాపారస్తుణ్ణి. కళ గురించి నాకు తెలియదు. కీర్తి కూడా సరుకేనని మాత్రం తెలుసు. ఏ సరుకైనా కొంతకాలమే నిలవ ఉంటుంది. పప్పు పొట్లం మీద ఆ తేదీ ముద్రిస్తారు, మనుషుల మీద ముద్రించరు. అందుకే ఇలా సభలు పెట్టుకోవలసి వస్తుంది.

సదాశివం గారి గొప్పతనాన్ని తూకంలో చెప్పడమే న్యాయం. ఆయన మొదటి సినిమాలో హీరో ఎద్దులబండి ఎత్తాడు. జనం ఈలలు వేశారు. రెండో సినిమాలో లారీ ఎత్తాడు. జనం చొక్కాలు చింపుకున్నారు. మూడో సినిమాలో రైలింజను ఎత్తాడు, ప్రయాణికులతో సహా. ఇంజనులో ప్రయాణికులేమిటని అడిగినవాణ్ణి బయటికి పంపేశారు. నాలుగో సినిమాలో కొండ ఎత్తాడు. కొండ మీద గుడి, గుడిలో పూజారి. పూజారి హారతి ఆపలేదు. ఆ దృశ్యానికి మా ఊరి సినిమా హాల్లో విసిరిన రంగు కాగితాలను ఊడ్చలేక ఇంగ్లీషు మేనేజరు చేతులెత్తేశాడు. ఎవరి పెళ్ళని అడిగి, వధూవరులకు శుభాకాంక్షలు చెప్పమన్నాడు. కాగితాలు నా కొట్లోవే కాబట్టి శుభాకాంక్షలు నేనే స్వీకరించాను.

ఇప్పుడు అయిదో సినిమా టీజర్ వచ్చింది. అందులో హీరో నడిచి వచ్చాడు. ఒక ప్లాస్టిక్ కుర్చీ ఎత్తాడు. తీసుకెళ్ళి ఇంకోచోట వేశాడు. టీజర్ అయిపోయింది.

ఆ పూట హేస్‌లో చాలా ఇళ్ళలో అన్నం మిగిలిపోయింది. నాకెలా తెలిసిందంటే, మర్నాడు నా దగ్గర పులిహోర గుజ్జు సీసాలన్నీ అమ్ముడుపోయాయి.

అందరికంటే ఎక్కువ కుంగిపోయినవాడు రాజారావు. ఆయన ఎయిర్‌పోర్టు పక్క గోదాములో షిఫ్ట్ సూపర్‌వైజరు. అక్కడ ఎవరికి ఏ షిఫ్టో రోటా వేస్తాడు, ఇక్కడ సదాశివం అభిమాన సంఘానికి అధ్యక్షుడు. అధ్యక్షుడు ఎలా అయ్యాడంటే, కొన్నేళ్ళ క్రితం సదాశివం గారు ఎయిర్‌పోర్టులో పెట్టె కోసం చెయ్యి చాచినప్పుడు ఆ చెయ్యి దారిలో రాజారావు భుజం ఉంది. ఎవరో ఫొటో తీశారు. అప్పటినుంచీ హేస్‌లో ఏ సభ జరిగినా ముందు వరుసలో మధ్య కుర్చీ మీద తువ్వాలు పరిచి రాజారావుకు ఉంచుతారు. ఆయన భార్య కాంతం మొదటి దీపం వెలిగిస్తుంది. దర్శకుడి కీర్తి తగ్గితే ఆ ఫొటోలో భుజం మీద మిగిలేది ఎవరో పెద్దాయన చెయ్యి. అలాంటి చేతికి ఎవరూ తువ్వాలు పరవరు.

ఉపాధ్యక్షుడు మొగిలయ్యది పక్క కుర్చీ. దానికి తువ్వాలు లేదు. కాబట్టి కీర్తి తగ్గిందని మొట్టమొదట గ్రహించినవాడు ఆయనే.

సభ నిర్ణీత సమయానికి కొంచెం ఆలస్యంగా, అంటే సకాలంలో మొదలైంది. మొగిలయ్య లేచాడు.

"అన్నలారా, అక్కలారా! కొండ లేపినోడు ఇయ్యాల కుర్చీ లేపుతుండు. కుర్చీ నేను గూడ లేపుత. మీరు కూసున్న కుర్చీలన్ని పొద్దుగాల్నే నేనే లేపి ఏసిన. నాకెవడన్న ఈల కొట్టిండా?"

కొట్టలేదని సభ ఒప్పుకుంది. రాజారావు మైకు అందుకున్నాడు.

"మొగిలయ్య గారూ, అదేదో మామూలు కుర్చీ అనుకుంటున్నారేంటండీ? కంటికి కనపడే బరువు ఎవడైనా ఎత్తుతాడండీ. ఆ కుర్చీలో ఉన్నది భావం బరువు! కొండకంటే బరువు! మీరెత్తలేరు, నేనెత్తలేను, సాక్షాత్తూ తీసినాయన కూడా ఎత్తలేడు!"

పెద్దగా చప్పట్లు. ఆ తర్వాత కేంబ్రిడ్జ్ సైన్స్ పార్కులో పనిచేసే హర్షవర్ధన్ గోడ మీద గ్రాఫు చూపించాడు. ఎద్దులబండి నుంచి కొండ దాకా పైకి పోయిన గీత, కుర్చీ దగ్గర గోడ దిగి నేలమీద పాకింది. ఇదే వేగంతో పోతే రాబోయే సినిమాలో హీరో టీ చెంచా ఎత్తుతాడనీ, ఆ పై సినిమాలో హీరోనే ఎవరో ఎత్తవలసి వస్తుందనీ ఆయన శాస్త్రీయంగా నిరూపించాడు. ఎడిన్‌బర్గ్ శాఖ తరఫున ప్రసన్నలక్ష్మి తెర మీద ప్రత్యక్షమై, "మా దగ్గర ఇంకా తగ్గలేదండీ. మాది చిన్న సర్కిల్ కదా, అన్నీ కాస్త లేటుగా వస్తాయి" అంది. సభ సానుభూతి తెలిపింది.

చివరి వరుసలోంచి మాస్టర్స్ చదువుతున్న శ్రీవల్లి చెయ్యెత్తింది. "అంకుల్, సినిమా ఎవరైనా చూశారా?"

"చూశాక ఎవరైనా చెప్తారమ్మా," అన్నాడు రాజారావు దయగా. "చూడకుండా చెప్పడానికే అనుభవం కావాలి."

"కరెక్టే అన్నడు," అన్నాడు మొగిలయ్య. ఆ రోజు ఇద్దరూ ఏకీభవించిన విషయం అదొక్కటే.

"పోనీ, ఆ కుర్చీ ఎవరికోసం ఎత్తాడు అంకుల్?"

"అది అజెండాలో లేదమ్మా. కూర్చో."

ఓటు పెడితే సగానికి సగం చీలారు. అప్పుడు కాంతం తన కుర్చీలోంచే తీర్పు చెప్పింది. "తగ్గడమూ లేదు, పెరగడమూ లేదండీ. ఆయనకు దిష్టి తగిలింది. అంత కొండ నెత్తిమీద పెట్టుకు తిరిగితే తగలదా మరి?"

హాలంతా ఊపిరి పీల్చుకుంది. దిష్టి అయితే ఎవరూ ఓడిపోనక్కర్లేదు. వెంటనే తీర్మానాలు చేశారు. సదాశివం గారి కీర్తి యథాతథంగా ఉన్నదనీ, దానికి దిష్టి మాత్రమే తగిలినదనీ. ప్రచారం కోసం వచ్చేవారం వారు లండన్ వస్తున్నారు గనుక హేస్‌కు పిలిపించి గుమ్మడికాయతో దిష్టి తీయవలెననీ. చివరిది మొగిలయ్య పట్టుబట్టి చేర్పించాడు. మా ఊరి సినిమా హాల్లో కొత్త చిత్రం మొదటి ఆట నిండనిచో రాజారావు గారు తువ్వాలుతో సహా కుర్చీ ఖాళీ చేయవలెనని. రాజారావు గంభీరంగా తలూపాడు.

గుమ్మడికాయ అనగానే అందరూ నావైపు చూశారు. వ్యాపారంలో ఇలాంటి చూపు కోసమే బతుకుతాం.

చిక్కల్లా బూడిద గుమ్మడికాయలు రాలేదు. సరుకు ఎక్కడో ఆగింది. నా దగ్గర ఉన్నవి హాలోవీన్ కాయలు. ఇంగ్లీషువాళ్ళు ఒకరినొకరు భయపెట్టుకోవడం ముగించాక మిగిలినవి. వాటిని కూడా ఆంటీలు సాంబారుకు పట్టుకెళ్ళగా చివరికి మిగిలింది ఒకటే, కొట్టు అద్దం దగ్గర అలంకారానికి పెట్టింది. దానికి కళ్ళు చెక్కి, పళ్ళు చెక్కి ఉన్నాయి.

కాంతం దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "పాండురంగం గారూ, ఇది నవ్వుతోందేంటండీ?"

"దిష్టి తీసేటప్పుడు ఏడుపు మొహం మంచిది కాదమ్మా."

"కళ్ళు కూడా ఉన్నాయి."

"దిష్టి తగిలేది దేనివల్ల? కళ్ళవల్లే కదా. కళ్ళకు కళ్ళే విరుగుడు."

ఆవిడ తృప్తిగా పట్టుకెళ్ళింది. నా మాటలు నాకే నమ్మకంగా వినిపించాయి. మంచి బేరానికి అదే గుర్తు.

సదాశివం గారు నల్లకళ్ళద్దాలతో, సహాయకుడు బాలాజీతో వచ్చారు. హాలు నిండిందని చెప్పలేను, ఖాళీగా ఉందని చెప్పడం మర్యాద కాదు. ఆయన ప్రసంగించారు. "నేను సినిమాలు తీయను. కాలాన్ని తీస్తాను!" అందరూ చప్పట్లు కొట్టారు. కొందరు గడియారం చూసుకున్నారు.

దిష్టి కార్యక్రమాన్ని కౌన్సిల్ నిబంధనలకు లోబడి జరిపాం. ఫైర్ అలారం మోగుతుందని కర్పూరం వద్దన్నారు. బదులుగా కాయ లోపల బ్యాటరీ కొవ్వొత్తి పెట్టాం. నేల పాడవుతుందని హాల్లో పగలగొట్టవద్దన్నారు. కార్ పార్కులో, జారిపడతారు జాగ్రత్త అనే పసుపుపచ్చ బోర్డు పక్కన ఏర్పాటు చేశాం. రాజారావు గోదాములో వేసుకునే మెరిసే పట్టీల జాకెట్ తొడుక్కున్నాడు. కాయను ఎత్తి దర్శకుడి చుట్టూ తిప్పాడు. తిప్పిన ప్రతిసారీ అది ఆయన మొహంలోకి చూసి నవ్వుతూ వెళ్ళింది. రాజారావు దాన్ని నేలకేసి కొట్టాడు. పళ్ళున్న ముక్క ఒకటి ఎగిరి సదాశివం గారి బూటు మీద పడి, నవ్వుతూనే ఉండిపోయింది.

బాలాజీ మొహం పాలిపోయింది. "సార్... గుమ్మడికాయ కొట్టేశారు!"

ఇక్కడ ఒక చిన్న విషయం. సినిమావాళ్ళు కొబ్బరికాయ కొడితే షూటింగు మొదలైనట్టు. గుమ్మడికాయ కొడితే అయిపోయినట్టు, ఇక పెట్టే బేడా సర్దుకుని ఇళ్ళకు పోవచ్చు. ఇది పేపరు చదివే ప్రతి తెలుగువాడికీ తెలుసు. అభిమాన సంఘానికి ఇంకా బాగా తెలుసు. కానీ ఆ రోజు వాళ్ళ దృష్టి అంతా దిష్టి మీదే ఉంది.

సదాశివం గారు కళ్ళద్దాలు తీశారు. "అంటే... నాకు ప్యాకప్ చెప్తున్నారా?"

"అయ్యో లేదు సార్! ఇది దిష్టి గుమ్మడికాయ సార్. ఆ గుమ్మడికాయ కాదు సార్!" అన్నాడు రాజారావు.

"మరి నవ్వుతోందేం?"

కాంతం నావైపు చూసింది. నేను కారు తాళాలు వెతుక్కున్నాను.

ఆయన హోటలుకు చేరేలోపే వార్త హైదరాబాదు చేరింది: "సదాశివానికి గుమ్మడికాయ కొట్టేసిన లండన్ తెలుగువారు." టీవీలో నలుగురు నిపుణులు కూర్చుని, ఆయన శకం ముగిసిందని తాము ఎప్పటినుంచో చెబుతున్నట్టు గుర్తుచేశారు. రాజారావు కొడుకు మణిదీప్ ఫోను చూసి, "డాడ్, యూ హావ్ లిటరల్లీ ఫినిష్డ్ హిమ్" అన్నాడు.

"ఏమంటున్నాడే వీడు?" అన్నాడు రాజారావు.

"మెచ్చుకుంటున్నట్టున్నాడండీ," అంది కాంతం.

మర్నాడు రాజారావు నా కొట్టుకు వచ్చి బియ్యం బస్తా మీద చతికిలబడ్డాడు. కుర్చీ వేయబోతే వద్దన్నాడు. "ఇప్పట్నుంచే అలవాటు మానుకోవాలి కదండీ" అన్నాడు. భుజం మీది తువ్వాలు తీసి మడతపెట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఇన్నేళ్ళ వ్యాపారంలో నేను చూసిన పాడైన సరుకుల్లో అంత దిగులుగా ఉన్నది ఇంకోటి లేదు.

అప్పుడు ఎవరూ అనుకోనిది జరిగింది. ఆ సినిమా చచ్చినా చూడం అన్నవాళ్ళంతా టికెట్లు కొనడం మొదలుపెట్టారు. ఒక మహానుభావుడు పడిపోతుంటే ఎవరో చెప్పగా వినడమేమిటి, కళ్ళారా చూడాలి కదా. మొదటి టికెట్లు మొగిలయ్యవే, కుటుంబం మొత్తానికి. "ఆఖరి సిన్మా గదన్నా," అన్నాడు నాతో, కళ్ళు తుడుచుకుంటూ. "పెద్దమనిషిని మంచిగ సాగనంపాలె." హర్షవర్ధన్ గ్రాఫు పూర్తి చేయడానికి కేంబ్రిడ్జ్ నుంచి వచ్చాడు. పతనం తమ దాకా ఇంకా రాలేదు కాబట్టి ప్రసన్నలక్ష్మి ఎడిన్‌బర్గ్ నుంచి తానే వచ్చింది, కొంచెం వెంట తీసుకెళ్దామని. పక్క ఊళ్ళ విద్యార్థులు షిఫ్టులు మార్చుకుని కోచ్ బస్సుల్లో దిగారు. మొదటి ఆట నిండింది. రెండో తెర తీశారు, అదీ నిండింది. మేనేజరు బయటికి వచ్చి మళ్ళీ పెళ్ళా అని అడిగాడు. ఈసారి సంతాపమని చెప్పాను. ప్రగాఢ సానుభూతి తెలిపి, ఇంకో ఆట వేశాడు.

హాలు నిండింది కాబట్టి రాజారావు కుర్చీ నిలిచింది. చివరికి మిగిలిన నాలుగు సీట్లూ మొగిలయ్య అల్లుడి కుటుంబంతో నిండాయి. ఆ సంగతి బయటపడ్డాక మొగిలయ్య వేళ్ళ మీద సీట్లు మళ్ళీ లెక్కపెట్టుకున్నాడు. "నాకొచ్చే కుర్చీని నేనే లేపిన," అన్నాడు చివరికి. అదే టీవీలో అదే నలుగురు నిపుణులు, సదాశివం కీర్తి చెక్కుచెదరలేదని తాము ఎప్పటినుంచో చెబుతున్నట్టు గుర్తుచేశారు. రాజారావు ఇంట్లో పాత ఫొటో పక్కన కొత్త ఫొటో వెలిసింది. అందులో దర్శకుడు, అధ్యక్షుడు, బూటు మీద నవ్వు. సదాశివం గారి ఆఫీసు నుంచి బాలాజీ నాకు ఫోను చేశాడు. ఇకమీదట ప్రతి సినిమాకూ విడుదలకు ముందే హేస్‌లో గుమ్మడికాయ కొట్టించాలట. కాయ నవ్వుతూ ఉండాలట. వచ్చే అక్టోబరుకు చెక్కేవాణ్ణి ఇప్పుడే మాట్లాడాను.

ఆ వారమంతా నా కొట్లో ఒకటే వాదన. తగ్గిందన్నవాళ్ళు సినిమా చూశాక తగ్గిందనే తేల్చారు, తగ్గలేదన్నవాళ్ళు తగ్గలేదనే. ఉద్యోగం షిఫ్టు వల్ల సినిమాకు వెళ్ళలేకపోయిన శ్రీవల్లి కరివేపాకు కోసం వచ్చి, వరసగా అందర్నీ అడిగింది. "ఇంతకీ ఆ కుర్చీ ఎవరికోసం అంకుల్?"

ఆ సీను వచ్చినప్పుడు మొగిలయ్య ఖాళీ సీట్ల కోసం వెనక్కి తిరిగి వెతుకుతున్నాడు. రాజారావు మొగిలయ్య మొహం చూస్తున్నాడు. హర్షవర్ధన్ కుర్చీ బరువు అంచనా వేస్తున్నాడు. నేను బయట సమోసాలు సర్దుతున్నాను.

నవ్వకండి. మీరు కూడా ఇంత దూరం చదివారు. కీర్తి తగ్గిందా, నిలిచిందా అనే కదా చూస్తూ వచ్చారు? ఆ అమ్మాయి సభలో అడిగినప్పుడు, కూర్చోమన్నది రాజారావు ఒక్కడేనా? మీరూ ఆమెను కూర్చోబెట్టి ముందుకు సాగిపోయారు. నాకేం కోపం లేదు. మీలాంటివాళ్ళు ఉన్నంతకాలం నా గుమ్మడికాయలకు ఢోకా లేదు. ఎప్పుడైనా ఇటు వస్తే కొట్లోకి రండి. కొత్తిమీర తాజాగానే ఉంది, వాసన చూడక్కర్లేదు.